తోడల్లుడి టేబుల్ మీద మీకేం పని?

ఎడిసన్ నుంచి ‘చిన్నల్లుడు’ అని సంతకం పెట్టి ఒకాయన రాసిన పెద్ద ఉత్తరం ఇది. కుదించి చెప్తాను. వయసు 36, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, భార్య, అయిదేళ్ల పాప. న్యూజెర్సీలో ఆన్‌లైన్ పోకర్ 2013 నుంచి చట్టబద్ధమే కాబట్టి లైసెన్సున్న సైట్‌లోనే ఆడతారు. ఆట నేర్పింది పెద్ద తోడల్లుడు. అర డాలరు-డాలరు టేబుళ్ల మీద (ప్రతి పంపకంలో ఇద్దరు తప్పనిసరిగా పెట్టే చిన్న, పెద్ద పందేలవి) రెండేళ్లలో 2,20,000 హ్యాండ్లు, అంటే పంపకాలు, ఆడి 11,000 డాలర్లు గెలిచారు. మొన్న సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు తోడల్లుడు “ఇంకా ఆ చిల్లర టేబుళ్ల మీదే ఉన్నావా తమ్ముడూ?” అన్నాడు. ఆ వారంలోనే ఈయన రెండు-నాలుగు డాలర్ల టేబుల్‌కి ఎక్కేశారు. అయిదు నెలలు, 42,000 హ్యాండ్లు, 14,000 డాలర్ల నష్టం. గెలిచిన పదకొండు వేలూ పోగా, తోడల్లుడు చేబదులిచ్చిన అయిదు వేలల్లో మూడు వేలు కూడా పోయాయి. రాత్రి పదకొండు దాటాక ‘ప్రొడక్షన్ సపోర్ట్’ అని భార్యకు చెప్పి బేస్‌మెంట్‌లో ఆడుతున్నారు.

అడిగింది ఇదీ: “ఇది దురదృష్టమా, నా ఆటే చెడిందా? వరసగా ఓడుతున్నప్పుడు బుర్ర చల్లగా ఉంచుకోవడం ఎలా?” ఉత్తరం ఆఖర్లో, కొసరుగా, ఒక వాక్యం: “అప్పు సంగతి వదినకు తెలుసు, మా ఆవిడకు చెప్పొద్దని మాట తీసుకున్నాను.”

చిన్నల్లుడుగారూ, మూడు పేజీల్లో ముప్పావు భాగం హ్యాండ్ల గురించి రాశారు. ఈ ఒక్క వాక్యం మాత్రం పోతూ పోతూ పడేశారు. నాకు కనిపించింది అదొక్కటే. అయినా అడిగారు కాబట్టి ముందు లెక్క తేల్చేద్దాం.

రెండేళ్లలో మీ గెలుపు వేగం నూరు హ్యాండ్లకు అయిదు బిగ్ బ్లైండ్లు (బిగ్ బ్లైండ్ అంటే టేబుల్ పేరులోని పెద్ద పందెం). చాలా మంచి వేగం, కాదనను. ఆరుగురు కూర్చునే టేబుల్ మీద అదృష్టం తెచ్చే ఊగిసలాట నూరు హ్యాండ్లకు దాదాపు 90 బిగ్ బ్లైండ్లు ఉంటుంది. అందుకే మీలా గెలిచే ఆటగాడు కూడా ఏ 10,000 హ్యాండ్లు తీసుకున్నా పదింట మూడుసార్లు నష్టంలో తేలతాడు. అది దురదృష్టమే, ఆట తప్పు కాదు. కానీ మీరు ఆడింది 42,000. అన్ని హ్యాండ్లకు ఆ ఊగిసలాట పద్దెనిమిది బై-ఇన్ల చుట్టూ ఉంటుంది (బై-ఇన్ అంటే టేబుల్‌కి తెచ్చుకునే నూరు బిగ్ బ్లైండ్లు, కొత్త టేబుల్ మీద 400 డాలర్లు). పాత వేగమే కొత్త టేబుల్ మీదా ఉండి ఉంటే ఇరవై ఒక్క బై-ఇన్లు గెలవాల్సింది. మీరు ముప్పై అయిదు ఓడారు. తేడా యాభై ఆరు, అంటే ఊగిసలాటకు మూడు రెట్లు. ఉత్త దురదృష్టం వల్ల అలా జరిగేది వెయ్యింట ఒకసారి. పోనీ, కొత్త టేబుల్ మీద మీది లాభమూ నష్టమూ లేని ఆట అనుకున్నా, ఇంత ఓటమి నూటికి మూడుసార్లే వస్తుంది.

హ్యాండ్లన్నీ నమోదు చేసే ట్రాకర్‌లో ఆల్-ఇన్ ఈవీ గీత (ముక్కల అదృష్టం సమంగా ఉంటే రావాల్సిన లెక్క) అసలు గీత కంటే మూడు వేల డాలర్లు పైన ఉందని మీరే రాశారు. అంటే డబ్బంతా లోపలికి పోయాక ముక్కలు తిరగబడి పోయింది మూడు వేలు. ఆ గీతకు అందని అదృష్టం ఇంకాస్త ఉంటుంది, ఒప్పుకుంటాను. మిగతా పదకొండు వేల మాటేమిటి? “ఏస్‌ల జత మీద కింగ్‌ల జత గెలిచింది” అని రెండుచోట్ల వాపోయారు. ఆ పోటీలో కింగ్‌లు నూటికి పద్దెనిమిదిసార్లు గెలుస్తాయి. అది మీకు నాకంటే బాగా తెలుసు.

తోడల్లుడి వాట్సాప్ గ్రూపులో పెట్టానని ఒక హ్యాండ్ మొత్తం రాశారు చూడండి, దాని దగ్గర ఆగాను. మీ చేతిలో ఏస్‌ల జత. రివర్, అంటే బోర్డు మీద ఆఖరి ముక్క, పడేసరికి పాట్‌లో పోగైన పందెం 280 డాలర్లు. మూడు స్పేడ్లు బోర్డు మీద ఉన్నాయి, చేతిలో ఇంకో రెండు స్పేడ్లున్నవాడికి ఫ్లష్ అయి ఏస్‌ల జతను కొట్టేస్తుంది. రాత్రంతా గుట్టుగా ఆడుతున్నవాడు 210 పెట్టాడు. మీరు రాసిన మాట ఇదీ: “వాడి దగ్గర ఫ్లష్ ఉందని ఎనభై శాతం అనిపించింది, కానీ వదిలేస్తే అన్నయ్య ‘ఏస్‌లు పడేశావా?’ అంటాడు, నొక్కేశాను.” 490 కోసం 210 పెట్టాలంటే నూటికి ముప్పైసార్లు మీరు గెలవాలి. ఇరవైసార్లే గెలుస్తానని మీరే అనుకున్నారు. అలాంటి నొక్కుడు ఒక్కోటి సగటున డెబ్భై డాలర్ల ఖర్చు. ఆ డెబ్భై పట్టుకెళ్లింది టేబుల్ మీదున్న గుట్టు మనిషి కాదు, ఆ క్షణంలో టేబుల్ మీదే లేని మీ తోడల్లుడు.

ఇప్పుడు ట్రాకర్ తెరిచి ఒక పని చేయండి, ఆడటానికి కాదు, చూడటానికి. అయిదు నెలల హ్యాండ్లను రెండు కుప్పలు చేయండి: ఆ రాత్రి రెండు బై-ఇన్లు పోకముందువి, పోయిన తర్వాతవి. ఒక్కో కుప్పలో వీపీఐపీ (నూటికి ఎన్ని హ్యాండ్లలో మీ ఇష్టంతో డబ్బు పెట్టారన్న అంకె) ఎంతో చూడండి. ఆరుగురి టేబుల్ మీద 22 నుంచి 25 మధ్య ఉండాల్సింది. రెండో కుప్పలో అది ముప్పై దాటిందీ అంటే, వదిలేయాల్సిన ముక్కలు పట్టుకుని కూర్చున్నారన్నమాట. తర్వాత రివర్ మీద కాల్ చేసి, అంటే అవతలివాడి పందేనికి సమానంగా పెట్టి, ఓడిన పెద్ద పాట్లు ఇరవై తీసి, ఏవి గ్రూపులో పెట్టారో, ఏవి దాచారో గుర్తు పెట్టండి. దాచినవాటిలోనే మీ జబ్బంతా కనిపిస్తుంది.

ఇక బుర్ర చల్లగా ఉంచుకోవడం ఎలా అన్న ప్రశ్న. దానికి నేను జవాబు చెప్పను. మూడు బై-ఇన్లు పోతే లేవాలి, గంటన్నర మించి కూర్చోకూడదు, నాలుగు టేబుళ్లు రెండు చేయాలి, ఇవన్నీ మీకు తెలిసిన పాఠాలే. రెండేళ్లు పాటించారు కూడా. సంక్రాంతి తర్వాత మానేశారు. అర డాలరు టేబుల్ నుంచి మధ్యలో ఒకటి-రెండు డాలర్ల మెట్టు ఉండగా దాన్ని దాటేసి నాలుగు రెట్ల పైకి గెంతిన మనిషికి శ్వాస మీద ధ్యాస పెట్టమని చెప్తే ఏం లాభం? పదకొండు వేలకు ఆ టేబుల్ మీద ఇరవై ఏడు బై-ఇన్లే వస్తాయి. కొత్త మెట్టు మీద ముప్పైకి తక్కువతో కూర్చోకూడదని మీలాంటి లెక్కల మనిషికి తెలియకపోదు. మీరు టేబుల్ మారింది ఆట కోసం కాదు. అత్తారింట్లో పెద్దల్లుడి పక్కన కుర్చీ కోసం.

తోడల్లుళ్ల మధ్య పోటీ మనకు కొత్తా? ఎవరి కారు పెద్దది, ఎవరింట్లో గృహప్రవేశం ముందు, మామగారు ఎవరి దగ్గర నాలుగు రోజులు ఎక్కువున్నారు! ఇవి చాలా ఇళ్లలో నవ్వులాటగానే గడిచిపోతాయి. మీరు దాన్ని అప్పు దాకా తీసుకెళ్లారు. అదీ ఎవరి దగ్గర? ఎవరిని మించాలనుకున్నారో ఆయన దగ్గరే! అయిదు వేలు చేతిలో పడ్డ రోజే ఆ పోటీలో ఓడిపోయారు, ముక్కలు పంచకముందే.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది వదినగారి దగ్గర తీసుకున్న ఆ మాట. మీ భార్యకు తెలియని మీ ఇంటి అప్పు ఆమె అక్కకు తెలుసు. అక్కాచెల్లెళ్లు ఫోన్‌లో మాట్లాడుకున్న ప్రతిసారీ ఒకరు దాస్తున్నారు, ఒకరు అమాయకంగా ‘మా ఆయనకి పాపం నైట్ సపోర్ట్ ఎక్కువైంది’ అంటున్నారు. రేపు ఎలాగూ బయటపడుతుంది. ఆ రోజు మీ ఆవిడకు 14,000 డాలర్ల కంటే పుట్టింటివాళ్ల ముందు తాను వెర్రిదాన్నయ్యానన్నదే ఎక్కువ నొప్పిస్తుంది. అన్నీ సర్దుకున్నా ఆ ఒక్కటి చాలామంది ఆడవాళ్లు మరిచిపోరు. మరిచిపోవాలని నేనూ అనను.

కాబట్టి ముందు భార్యకు చెప్పండి. తోడల్లుడికి డబ్బు తిరిగివ్వడం కూడా ఆ తర్వాతే. పాప నిద్రపోయాక, శనివారం పూట, మర్నాడు ఆఫీసు లేని రాత్రి. సైట్‌లో డిపాజిట్లు, విత్‌డ్రాయల్స్ పేజీ ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. మొదటి వాక్యంలోనే అంకె ఉండాలి: ఎంత పోయింది, ఎంత అప్పు, ఎవరి దగ్గర. రెండో వాక్యంలో ప్రొడక్షన్ సపోర్ట్ అబద్ధమని. ఆమె అడిగే మొదటి ప్రశ్న బహుశా “అక్కకు తెలుసా?” అనే. తెలుసని చెప్పి, చెప్పొద్దని మాట తీసుకున్నది మీరేనని కూడా చెప్పండి, లేకపోతే ఆ కోపం అక్క మీదకు మళ్లుతుంది. ఊగిసలాటల లెక్కలు ఆ రాత్రి ఎత్తొద్దు. ‘మన కోసమే ఆడాను’ అసలే అనొద్దు. వాళ్ల నాన్నగారికి చెప్పొద్దని బతిమాలొద్దు. చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

ఆమెకు చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది, ఇది కాగితాల సంగతి. మీరిద్దరూ జాయింట్‌గా ట్యాక్స్ రిటర్న్ వేస్తుంటే దాని మీద ఆమె సంతకం కూడా ఉంటుంది, బాధ్యత ఇద్దరిదీ. గత రెండేళ్ల గెలుపు అందులో చూపించారో లేదో మీరు రాయలేదు. చూపించకపోతే సవరణ రిటర్న్ కోసం సీపీఏని, అంటే ట్యాక్స్ అకౌంటెంట్‌ని, కలవండి. ఈ ఏడాది మొత్తం మీద నష్టమే కదా అని వదిలేయొద్దు. గెలిచిన సెషన్లు ఆదాయంగా చూపించాలి. ఓడినవి ఐటమైజ్ చేస్తేనే (మినహాయింపులు విడివిడిగా చూపిస్తేనే) తగ్గుతాయి, అదీ గెలిచిన మొత్తం వరకే. 2026 నుంచి ఓటమిలో తొంభై శాతాన్నే లెక్కలోకి తీసుకుంటారు. విడివిడిగా చూపించకుండా ఒకే మొత్తం మినహాయింపు, అంటే స్టాండర్డ్ డిడక్షన్, తీసుకునే ఇల్లయితే నష్టపోయిన ఏడాదికి కూడా పన్ను పడొచ్చు.

తర్వాత తోడల్లుడు. ఖాతాలో మిగిలిన రెండు వేలూ విత్‌డ్రా చేసి ఆయనకు పంపండి. మిగతా మూడు వేలు నెలకు అయిదు వందల చొప్పున ఆరు నెలల్లో, జీతంలోంచి, మీ ఆవిడకు తెలిసిన ఖాతాలోంచి. ఫోన్ చేసి చెప్పాల్సింది చిన్నదే: “అన్నయ్యా, మా ఇంట్లో అంతా చెప్పాను. డబ్బు ఇలా ఇస్తాను. పేకాట సంగతులు ఇక మన మధ్య వద్దు.” వాట్సాప్ గ్రూపులోంచి బయటికి రండి. ఆయన నవ్వితే నవ్వనివ్వండి. చెడ్డవాడని నేననను, ఆయన చేసింది ఒక వేళాకోళం, ఒక చేబదులు. దానికి ఇంత బరువు తగిలించింది మీరు.

ఆ అప్పు తీరేదాకా ఆట లేదు. సైట్‌లో సస్పెన్షన్ పెట్టుకునే వీలుంది, కనీసం 72 గంటలు. మీరు మాత్రం నెలల లెక్కన పెట్టుకోండి. డిపాజిట్ పరిమితిని అట్టడుగుకు దించండి. తగ్గిస్తే మళ్లీ లాగిన్ అయ్యేసరికి అమల్లోకి వస్తుంది, పెంచాలంటే పాత గడువు ముగిసేదాకా ఆగాలి. ఆగలేక వేరే సైట్ తెరిచారా, ఇక ఆలోచించకుండా రాష్ట్ర గేమింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ డివిజన్ దగ్గర సెల్ఫ్-ఎక్స్‌క్లూజన్‌లో పేరు రాయించుకోండి. ఏడాదికి గానీ, అయిదేళ్లకు గానీ ఉంటుంది, రాష్ట్రంలోని లైసెన్సున్న ఆన్‌లైన్ సైట్లన్నిటికీ వర్తిస్తుంది. ఆరు నెలల తర్వాత ఇద్దరూ కూర్చుని సరే అనుకుంటే మళ్లీ అర డాలరు-డాలరు టేబుల్, మూడు వేలతో విడి ఖాతా, రాత్రి పదింటికల్లా బంద్. ఆమె వద్దంటే వద్దు. ఆ మాట మీద బేరాలుండవు.

ఇంకొకటి చెప్పక తప్పదు. జూదం వ్యసనమైందా అని చూడటానికి అమెరికా మానసిక వైద్యులు వాడే డీఎస్‌ఎం-5లో తొమ్మిది లక్షణాలున్నాయి. ఏడాదిలో నాలుగు కనిపిస్తే వ్యసనం కింద లెక్క. పోయింది రాబట్టడానికి మళ్లీ కూర్చోవడం, ఇంట్లో అబద్ధం చెప్పడం, డబ్బుకు ఇంకొకరి మీద ఆధారపడటం, ఈ మూడూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. పందెం పెంచుకుంటూ పోవడం నాలుగోది. మీరు పెంచింది మత్తు కోసమా, పట్టుదలకా అన్నది నాకు అర్థం కాలేదు. తేల్చాల్సింది నేనూ మీరూ కాదు, 1-800-426-2537కి ఫోన్ చేయండి. న్యూజెర్సీ కౌన్సిల్ ఆన్ కంపల్సివ్ గాంబ్లింగ్ వాళ్లు నడిపే లైన్ అది, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇది చదువుతున్నవాళ్లు పై టేబుళ్ల లెక్కలు మీకని అనుకోవద్దు. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం కూడా, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, చట్టం చేసింది. చిన్నల్లుడుగారూ, ఇండియా వచ్చినప్పుడు మీకూ ఇదే వర్తిస్తుంది.

వచ్చే నెల మామగారూ అత్తగారూ వస్తున్నారని, మొదట ఎవరింట్లో దిగుతారో ఇంకా తేలలేదని రాశారు. వాళ్లు విమానం ఎక్కేలోపు మీ ఆవిడకు అంతా తెలిసి ఉండాలి. ముందు ఎవరింటికి వెళ్లాలన్నది అక్కాచెల్లెళ్లు తేల్చుకుంటారు, మీరు మాట్లాడకండి.