ఊరికి పోయే ముందు అక్కడి క్యాలెండర్ చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ప్రయాణాల మీదే. నాలుగింటికి జవాబు రాస్తున్నాను. మొదటిది కాస్త పొడుగు, ఎందుకంటే అందులో అడిగినవి చాలామందికి పనికొస్తాయి.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు, బట్టల అంగడి. సంక్రాంతి బేరం అయిపోగానే జనవరి 16న అమ్మానాన్నలను, మా ఆవిడను తీసుకుని కాశీకి బయల్దేరాలనుకుంటున్నాం. ఎనిమిది రోజుల్లో కాశీ, ప్రయాగ, గయ, అయోధ్య నాలుగూ చూసి రావాలి. నాన్నకు 68, షుగర్ ఉంది, ఇన్సులిన్ వేసుకుంటారు. అమ్మకు 62, మోకాళ్ల నొప్పులు. ఆయనకు గయలో వాళ్ల అమ్మానాన్నలకు పిండం పెట్టాలని ఎన్నాళ్ల నుంచో ఉంది. అయోధ్య మేమిద్దరం చూడాలనుకుంటున్నాం. రైలు టికెట్లు, సామాన్లు, తిండి అన్నీ ఎట్లా ప్లాన్ చేసుకోవాలో చెప్పండి.

జవాబు: అన్నిటికంటే ముందు ఆ జనవరి 16ని కొట్టేయండి. మీరు మీ అంగడి తీరిక చూసుకుని తేదీ పెట్టుకున్నారు, కాశీలో ఆ రోజుల్లో ఎట్లా ఉంటుందో చూసుకోలేదు. డిసెంబర్, జనవరిలో ఉత్తరాదిన పొగమంచు కమ్ముకుని రైళ్లు గంటల తరబడి ఆలస్యంగా నడుస్తాయి, కొన్నిటిని రద్దు కూడా చేస్తారు. కడప జిల్లా ఎండకు అలవాటుపడిన పెద్దవాళ్లను ఆ చలిలో తెల్లారుజామున ప్లాట్‌ఫాం మీద కూర్చోబెట్టడం తలచుకుంటేనే నాకు టెన్షన్. పైగా సంక్రాంతి సమయంలో ప్రయాగలో మాఘమేళా నడుస్తుంటుంది, శివరాత్రి దాకా ఉంటుంది, ఆ స్నానాల రోజుల్లో సంగమం దగ్గర ఎంత దూరం నడిపిస్తారో మీ అమ్మగారి మోకాళ్లే చెప్తాయి.

శివరాత్రికీ హోలీకీ మధ్య పదిహేను రోజుల పైచిలుకు ఉంటుంది చూశారా, ఆ సందు మీకు బాగా కుదురుతుంది. మంచు పోయి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు, మేళా జనం ఇళ్లకు చేరుంటారు. అయితే హోలీకి రెండు మూడు రోజుల ముందే తిరుగు రైలెక్కేయండి, ఆ పండక్కి అక్కడి జనమంతా ఊళ్లకు పోతూ ఉంటారు. అంగడికి కూడా అప్పుడు పెద్ద బేరాలేం ఉండవు కదా, ఉంటే తమ్ముడో బావమరిదో చూసుకుంటాడు.

ఇక నాలుగు ఊళ్ల సంగతి. అయోధ్యను ఈసారికి వదిలేయండి. మీ ఆవిడ కోప్పడితే నా పేరు చెప్పండి! ఎనిమిది రోజుల్లో రాకపోకలకే దాదాపు నాలుగు రోజులు పోతాయి. మిగిలిన నాలుగు రోజుల్లో కాశీ నుంచి అయోధ్యకు సుమారు 200 కిలోమీటర్లు ఒకవైపు, గయకు 250 కిలోమీటర్లు ఇంకోవైపు తిరిగితే పెద్దవాళ్లు చూసేది కారు కిటికీనే. గయ మీ నాన్నగారి కోరిక, అది ఉండాల్సిందే, అయోధ్యకు మీ ఇద్దరూ ఎప్పుడైనా పోవచ్చు. వీలైతే ఎనిమిదిని పది చేసి, కాశీలో చివర ఒక రోజు ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీగా ఉంచండి. రైలు ఆలస్యమైనా, నాన్నగారికి ఒళ్లు బాగాలేకపోయినా ఆ రోజు ఆదుకుంటుంది. గయకు కాశీ పక్కనున్న దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ నుంచి, అంటే పాత మొగల్‌సరాయ్ నుంచి రైలులో మూడు నాలుగు గంటలు. ఇంకెప్పుడైనా పోదామనుకున్నా భాద్రపదంలో మహాలయ పక్షాల రోజుల్లో మాత్రం గయ వైపు పెద్దవాళ్లతో పోవద్దు, దేశం మొత్తం అక్కడే ఉంటుంది.

టికెట్లు ఇప్పుడు 120 రోజుల ముందు ఇవ్వరు, 2024 నవంబర్ 1 నుంచి 60 రోజులే. పొద్దున 8 గంటలకు తెరుస్తారు కాబట్టి ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ముందే కలిపి పెట్టుకోండి, ఆ పొద్దున ఓటీపీలతో కుస్తీ పడొద్దు. ఇక్కడ చాలామందికి తెలియని మాట ఒకటుంది: నలుగురికీ ఒకే టికెట్ తీస్తే పెద్దవాళ్లకిచ్చే లోయర్ బెర్త్ కోటా పనిచేయదు. 60 దాటిన మగవాళ్లు, 45 దాటిన ఆడవాళ్లు ఒక్కరో ఇద్దరో మాత్రమే ఉన్న టికెట్‌కే అది. కాబట్టి అమ్మానాన్నలకు ఒక టికెట్, మీ ఇద్దరికీ ఒక టికెట్ తీయండి, బోగీ వేరైనా పగలు వాళ్ల దగ్గరే కూర్చోవచ్చు. సీనియర్ సిటిజన్ రాయితీ గురించి అడగలేదు గానీ చెప్తున్నా, 2020 మార్చిలో ఆపేశారు, లెక్కల్లో వేసుకోకండి.

మీకు ఎర్రగుంట్ల నుంచి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది, కాచిగూడలో దింపుతుంది. హైదరాబాద్‌లోనే ఇంకో స్టేషన్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ప్రయాగ మీదుగా మొగల్‌సరాయ్ పోతుంది. ఒక రైలు దిగి అదే పొద్దున ఇంకో రైలు ఎక్కేద్దామనుకోకండి. హైదరాబాద్‌లో చుట్టాలింట్లో ఒక రాత్రి ఆగండి. సికింద్రాబాద్ స్టేషన్ కొత్తగా కడుతున్నందువల్ల కొన్ని రైళ్లను చర్లపల్లికి మార్చారు, టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో చదువుకుని ఆటో ఎక్కండి.

కాశీలో గది తీసుకునేటప్పుడు గుడికెంత దూరమని అందరూ అడుగుతారు, మీరు కారు ఆగే రోడ్డుకెంత దూరమని అడగండి. గల్లీల్లోకి కార్లు రావు, ఘాట్ల మెట్లు నిటారుగా ఉంటాయి. మానససరోవర్ ఘాట్ వైపు ఆంధ్రాశ్రమం ఉంది, ఆ చుట్టుపక్కల తెలుగు మాట బాగానే వినిపిస్తుంది, అమ్మకు ధైర్యంగా ఉంటుంది. విశ్వనాథుడి గుళ్లోకి సెల్‌ఫోన్ రానివ్వరు, కాబట్టి తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో లోపలికి పోకముందే అనుకోండి, గది అడ్రసు, మీ నంబరు రాసిన చీటీ ఇద్దరి దగ్గరా ఉంచండి.

నాన్నగారి మందులు రెండు సంచుల్లో పంచండి, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. డాక్టరు చీటీలో మందు అసలు పేరు రాయించుకోండి, మన దగ్గర దొరికే బ్రాండు అక్కడ దొరక్కపోవచ్చు. ఇన్సులిన్‌ను ఎండకు పెట్టొద్దు, చల్లగా ఉండాలని ఐస్‌కు ఆనించీ పెట్టొద్దు, గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు. ఘాట్లలో చెప్పులు లేకుండా నడిచాక రోజూ రాత్రి ఆయన పాదాలు మీరే చూడండి, షుగర్ ఉన్నవాళ్లకు చిన్న దెబ్బ తగిలినా తెలియదు.

తిండికైతే మన సీమవాళ్లకు దిగులే లేదు. ఎండు జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి పెట్టుకుంటే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆదుకుంటాయి. చింతపండు పులుసు కలిపిన అన్నం ఒక రోజు ఉంటుంది, పెరుగన్నం మొదటి రాత్రికే. నిప్పట్లు, బొరుగులు మీకు. నాన్నగారి చేతికి రెండు గ్లూకోజ్ బిస్కెట్ ప్యాకెట్లు ఇవ్వండి, రైలు ఆగిపోయి భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోకుండా.

ప్రశ్న: అనంతపురం నుంచి. మా పాపకు పూణెలో ఉద్యోగం వచ్చింది, బెంగళూరులో పొద్దున 6 గంటల విమానం, మొదటిసారి. పచ్చళ్లు, పొడులు, ఎండుకొబ్బరి అన్నీ కట్టాను. ఏది ఏ బ్యాగులో పెట్టాలి మేడమ్?

జవాబు: ఎండుకొబ్బరి తీసేయండమ్మా. దాంట్లోని నూనె వల్ల దానంతటదే వేడెక్కి అంటుకునే గుణముందని విమానంలో ఒప్పుకోరు, పూణెలో దొరక్కపోతుందా? పచ్చడి గట్టిగా మూత బిగించి, కవర్లో చుట్టి, చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి. పవర్‌బ్యాంక్ మాత్రం చేతి బ్యాగులోనే ఉండాలి, తిరగేస్తే అక్కడ బ్యాగు తెరిపిస్తారు. మామూలుగా చెక్-ఇన్‌కు 15 కిలోలు, చేతికి 7 కిలోలు ఇస్తారు, ఇంట్లోనే తూకం వేయండి, మీరు కట్టినవి వింటుంటే నాకు అనుమానంగా ఉంది.

విమానాశ్రయం దేవనహళ్లి దగ్గర, మన వైపే ఉంది, ఊళ్లోకి పోనక్కర్లేదు. కానీ హైవే మీద బస్సు దిగితే టెర్మినల్ ఇంకా కొన్ని కిలోమీటర్లు, చీకట్లో ఆడపిల్ల అక్కడ దిగడం కంటే మీరే కారులో రాత్రి పదకొండుకల్లా బయల్దేరండి. టెర్మినల్ ఒకటా రెండా అన్నది టికెట్‌లో ఉంటుంది. కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు, నాలుగుకల్లా లోపల ఉండాలి.

ప్రశ్న: కర్నూలు. శుక్రవారం ఆఫీసు అయ్యాక ఆరింటికి కారులో బయల్దేరితే రాత్రికి శ్రీశైలం చేరుకోవచ్చా?

జవాబు: చేరుకోలేరు. దోర్నాల నుంచి నల్లమల అడవిలోకి పోవాలి, అది పులుల అభయారణ్యం, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వాహనాలు వదలరు. మీరు ఆత్మకూరు దాటి దోర్నాల వచ్చేసరికి గేటు పడిపోతుంది. శనివారం తెల్లారి మూడున్నరకు బయల్దేరండి, పిల్లలు వెనక సీట్లో నిద్రపోతారు, మీరు టైముకు గేటు దగ్గరుంటారు. పెట్రోలు కర్నూల్లోనే నింపుకోండి, ఘాట్‌లో ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడొద్దు.

ప్రశ్న: మాదీ కర్నూలే. వారం రోజులు ఇల్లు తాళం వేసి పోతున్నాం, దొంగల భయం. ఏం చేయాలి అక్కా?

జవాబు: ఎల్‌హెచ్‌ఎంఎస్ అని ఏపీ పోలీసుల ఏర్పాటు ఒకటుంది, తాళం వేసిన ఇంట్లో వాళ్లే కెమెరా పెట్టి కంట్రోల్ రూమ్ నుంచి గమనిస్తారు. మీ స్టేషన్‌కు వెళ్లి ముందే అడగండి. బంగారం బ్యాంకు లాకర్‌లో పెట్టండి, బీరువాలో బట్టల కింద కాదు, దొంగ మొదట చూసేది అక్కడే. పాలు, పేపరు ఆపించండి. రైలెక్కగానే వాట్సాప్ స్టేటస్ పెట్టాలని పిల్లలు గొడవ చేస్తారు, వచ్చాక పెట్టుకోమనండి. గ్యాస్ రెగ్యులేటర్ తీసేసి, ఫ్రిజ్ ఖాళీ చేయండి, పోలీసుల కెమెరా పెట్టించుకోకపోతే కరెంటు మెయిన్ కూడా ఆపేయండి, ఒక తాళంచెవి పక్కింటివాళ్లకు ఇచ్చి పొండి.