చిన్నా, క్యాసెట్లు మాత్రం పారేయనివ్వకు

ఒరేయ్ చిన్నా,

విజయవాడలో సంగీత సభల పాత వీడియో క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారనీ, వాటిలో బొమ్మ ఎక్కడెక్కడ పాడైందో దానంతటదే కనిపెట్టే ప్రోగ్రాం రాసే పని నువ్వు ఒప్పుకున్నావనీ అన్నయ్య నిన్న ఫోన్లో చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! టేప్ లైబ్రరీలో నేను ఇరవై రెండేళ్లు చేసిన పని మనింట్లో ఇంకొకరు అందుకుంటారని అనుకోలేదు. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నా.

మామూలు సంగతులు నీకు తెలుసు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రాంలో నల్లబడ్డ చోట్లకి బ్లాక్‌డిటెక్ట్, ఆగిపోయిన బొమ్మకి ఫ్రీజ్‌డిటెక్ట్ ఉన్నాయి, వాడుకో. మనం ఏమీ చెప్పకపోతే అవి 2 సెకన్ల లోపు వాటిని వదిలేస్తాయి, సెకనుకి 25 ఫ్రేములుండే మన పాల్ పద్ధతి వీడియోలో అంటే 50 ఫ్రేములు, కాబట్టి అది తగ్గించు. వెలుగు అంకెలు 16 (నలుపు), 235 (తెలుపు) హద్దులు దాటుతున్నాయేమో చూడు. గంట క్యాసెట్‌కి 90,000 ఫ్రేములు, మనిషి ఒక్కొక్కటీ చూడలేడు, నిజమే.

ఇక నా తప్పు చెప్తాను, పూర్తిగా చదువు.

నేను పనిచేసిన చోట బీటాక్యామ్ అనే రకం వీడియో టేపులు కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లం. ప్లేయర్‌లో టేపుని చదివే హెడ్‌కి మురికి పడితే సిగ్నల్ అందదు. బొమ్మంతా అడ్డగీతలతోనే తయారవుతుంది కదా, అప్పుడు మెషీన్ పోయిన గీత బదులు పై గీతనే మళ్లీ వేస్తుంది. ఒకటి రెండైతే కంటికి ఆనదు. హెడ్ బాగా మూసుకుపోతే బొమ్మ కిందకి సాగి నిలువు చారలైపోతుంది. అది నలుపూ కాదు, ఆగిన బొమ్మా కాదు. అందుకని ప్రతి గీతనీ పై గీతతో పోల్చే చెక్ ఒకటి పెట్టుకున్నాం. కచేరీలు వచ్చేదాకా బాగానే నడిచింది. కచేరీ అంటే వెనకాల మెరూన్ రంగు మఖ్మల్ తెర, పైనుంచి కిందదాకా నిలువు మడతలు. పై గీతా కింది గీతా ఒకేలా ఉంటాయి కదా, ప్రతి కచేరీకీ ఎర్ర గుర్తులే. తెరిచి చూస్తే ఏమీ ఉండదు. విసిగిపోయి, గీతలు ఎంతవరకు ఒకేలా ఉంటే ఊరుకోవాలన్న పరిమితి నేనే పెంచేశాను. రిపోర్టులన్నీ పచ్చగా వచ్చాయి. పచ్చగా వచ్చిన టేపుల్ని చెరిపి మళ్లీ వాడుకోవచ్చన్న కాగితం మీద సంతకం కూడా నాదే.

రెండేళ్లకి ఒక వీణ విద్వాంసురాలి కూతురు వచ్చింది, అమ్మ పోయిందండీ, ఆ కచేరీ కాపీ కావాలి అని. పక్కన కూర్చోబెట్టుకుని ప్లే చేశాను. తానం అందుకున్నాక, ఆవిడ ఎడమ చెయ్యి మెట్ల మీద జారుతుండగా, మణికట్టు దగ్గర్నుంచి కిందంతా చారలైపోయింది. శబ్దానికి హెడ్ వేరు కదా, వీణ మాత్రం చక్కగా వినిపిస్తూనే ఉంది. ఏడు నిమిషాలు. ఆ అమ్మాయి ఒక్క మాట అనలేదు, వాళ్లమ్మ వేళ్లు ఉండాల్సిన చోటే చూస్తూ కూర్చుంది.

అందుకే చెప్తున్నా, పాడైనవని తెలిసిన ముక్కలు ఓ ఇరవై దాచుకో, ఏ పరిమితి మార్చినా ముందు వాటి మీద నడుపు, ఒక్కటి జారినా వెనక్కి తిప్పెయ్. తెర మొదటి నుంచి చివరిదాకా ఉంటుంది, చారలు ఉన్నట్టుండి వచ్చి పడతాయి, కాబట్టి ప్రతి నిమిషాన్నీ దాని ముందరి నిమిషంతో పోల్చు. ఈ ముక్క నాకు అప్పుడు తట్టలేదురా. ఇంకోటి, రిపోర్టు పేర్ల వరసలో కాదు, ప్లే చేసిన వరసలో పెట్టు. బూజు పట్టిన క్యాసెట్ ఒకటి నడిస్తే దాని మురికి హెడ్‌కి అంటుకుని తర్వాతవి కూడా పాడుగానే ఎక్కుతాయి. పాస్ అయినవాటిలోనూ రోజూ కొన్ని కూర్చుని చూడు. బద్ధకించావని తెలిసిందో, అక్కడికే వచ్చి చీవాట్లు పెడతా. ఆరేళ్లప్పుడు నా పక్కన స్టూలెక్కి, మానిటర్‌లో తెల్ల చుక్క మెరవగానే "అత్తా, అదిగో" అని నాకంటే ముందు అరిచేవాడివి. ఆ కన్ను నీకు ఇప్పటికీ ఉంటుంది.

సభ వాళ్లు చోటు లేదు, క్యాసెట్లు తీసేస్తాం అంటారు. ఒప్పుకోకు. మరీ ఇబ్బందైతే మా పై గది ఖాళీ, తేమ ఉండదు, ఆటోలో వేసి పంపించెయ్. దసరాకి వచ్చినప్పుడు ఆ వీణ కచేరీ ఫైలు ఇస్తాను, దాచే ఉంచాను. నీ ప్రోగ్రాంలో పెట్టి చూద్దాం, ఆ ఏడు నిమిషాలూ పట్టుకుంటుందేమో.

మీ అత్త