నాన్నగారి ఆస్తి మీకొస్తే ఇక్కడ పన్ను పడుతుందా?

తమ్ముడూ, పన్ను గురించి అడిగావు కాబట్టి ముందు అదే చెప్తాను. ఇండియా నుంచి వారసత్వంగా వచ్చినదానికి అమెరికాలో పుచ్చుకున్నవాడి మీద ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పన్ను లేదు. ఇండియాలో కూడా ఎస్టేట్ డ్యూటీని, అంటే పోయినవాళ్ల ఆస్తి మీద వేసే పన్నుని, 1985లోనే ఎత్తేశారు. కానీ ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే ఆ సంగతి తెలియజేస్తూ పన్నుల శాఖకి (ఐఆర్‌ఎస్) ఫారం 3520 పంపాలి. పన్నే లేనప్పుడు చెప్పడం దేనికని నేను ఊరుకున్నాను. నాన్న పోయాక స్థలం అమ్మి, అక్కడ అమ్మకం లాభం మీద పడే క్యాపిటల్ గెయిన్స్ పన్ను కట్టి, నా వాటా తెచ్చుకుని ఇంటి డౌన్ పేమెంట్‌కి వాడేశాను. తర్వాతెప్పుడో కొత్త సీపీఏ (పన్ను లెక్కలు చూసే అకౌంటెంటు) పాత రిటర్నులు తిరగేస్తూ ఈ డబ్బు ఎక్కడిదని అడిగారు. ఆ ఫారం పంపకపోతే వచ్చిన సొమ్ములో నెలకి 5 శాతం చొప్పున జరిమానా 25 శాతం దాకా వేస్తారట. పన్ను సున్నా, జరిమానా మాత్రం పావు వంతు! ఆ టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. చివరికి ఆలస్యానికి కారణం నేనే కూర్చుని రాసి, కాగితాలన్నీ జతచేసి పంపితే మాఫీ అయింది, లాయరు అవసరం రాలేదు.

నాన్న పన్ను కట్టి సంపాదించినదానిపై మళ్లీ పన్నేంటని నీ వయసులో అందరూ అంటారు. స్థలం కొన్న డబ్బుకి కట్టారు సరే, పెరిగిన విలువకి ఎవరు కట్టారు? ఇక్కడి చట్టంలో తండ్రి పోయిన రోజు ధరే వారసుడి కొనుగోలు ధర, అంటే అప్పటిదాకా పెరిగినదంతా పన్ను తగలకుండా పోతుంది. నీ జీతానికేమో చేతికి రాకముందే కోత. అందుకే పెద్ద ఆస్తుల మీద పన్ను ఉండాలనే నేనంటాను. ఉక్కు వ్యాపారంలో కోట్లు గడించిన అంత ఆస్తిపరుడు ఆండ్రూ కార్నెగీ 1889లోనే ఆ మాటన్నాడు.

ఇక్కడ ఫెడరల్ పన్ను పుచ్చుకున్నవాడి మీద కాదు, పోయినవాడు వదిలిన ఆస్తి మీద పడుతుంది. అందులో నాకు అన్యాయంగా తోచేది మినహాయింపు పరిమితి. 2026లో ఇక్కడి పౌరుడు కోటిన్నర డాలర్లు వదిలిపోయినా ఫెడరల్ పన్ను లేదు. ఇక్కడ స్థిరపడినట్టు లెక్కకు రానివాడికి అమెరికాలో ఉన్న ఆస్తి మీద మినహాయింపు 60,000 డాలర్లే, ఆపైన 40 శాతం దాకా. వీసా మీద ఉన్నవాళ్లు ఎటు వస్తారన్నది ఇక్కడే ఉండిపోయే ఉద్దేశాన్ని బట్టి. నీ కంపెనీ ఇచ్చిన షేర్లు, అది అమెరికా కంపెనీ అయితే, ఇక్కడి ఆస్తి కిందకే వస్తాయి. భార్య పౌరురాలు కాకపోతే భార్యాభర్తల మధ్య ఉండే పూర్తి మినహాయింపు కూడా మామూలుగా దొరకదు. కోట్లున్నవాళ్లు ట్రస్టులు పెట్టుకుని తప్పించుకుంటారు, దెబ్బ తగిలేది జీతం మీద బతికే కుటుంబాలకే.

కాబట్టి షేర్లు పోగవుతుంటే చూస్తూ కూర్చోకు. టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకో, ఇక్కడ స్థిరపడినట్టు లెక్కకు రానివాళ్ల బీమా సొమ్ము ఈ పన్ను లెక్కలోకి రాదు. వీలునామా రాయించు, ఏది ఎక్కడుందో మీ ఆవిడకి చెప్పు.