కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందా?

ప్రశ్న: మా నాన్నకు 58 ఏళ్లు. భీమిలిలో చేపల వేటకు వెళ్తారు. ఆయన అరికాల్లో ఏడాది కిందట బఠాణీ గింజంత ఉన్న నల్లమచ్చ ఇప్పుడు రూపాయి బిళ్లంత అయింది. నొప్పి లేదు. బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం) చేయాలన్నారు. కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందని ఇంట్లో అందరికీ టెన్షన్. కోయకుండా స్కాన్‌తో తేల్చలేరా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నొప్పి లేదని ధైర్యపడకండి. ఇలాంటి మచ్చలు మొదట్లో నొప్పి పెట్టవు. మనవాళ్లలో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద ఎక్కువగా కనబడుతుంది. ఆనికాయేలే అని వదిలేసేవాళ్లూ ఉన్నారు.

ముందు డెర్మోస్కోపీ చేయించండి. టార్చిలైటులాంటి చిన్న పరికరం, మచ్చను దాదాపు 10 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. సూది లేదు, రేడియేషన్ లేదు. అరికాల్లోనూ వేలిముద్రల్లాంటి గీతలుంటాయి కదా. వాటిని పొలంలో కాలువలు, గట్లు అనుకోండి. నలుపు కాలువల్లో ఉంటే సాధారణంగా మామూలు పుట్టుమచ్చే. గట్ల మీదికి ఎక్కిందంటే మెలనోమాను గట్టిగా అనుమానించాలి.

కాన్ఫోకల్ మైక్రోస్కోపీ అని ఇంకొకటి ఉంది. లేజర్ వెలుగుతో చర్మ కణాలనే చూపిస్తుంది. ముఖం మీద వచ్చే బేసల్ సెల్ క్యాన్సర్‌కు బాగా పనికొస్తుంది. కానీ అది చూడగలిగేది సుమారు పావు మిల్లీమీటరు లోతే. అరికాలి తోలు అసలే మందం, పైగా ఇసుకలో తిరిగిన కాలు. ఓసీటీ అనే మరో వెలుగు స్కాన్ 1–2 మిల్లీమీటర్ల లోతుకు వెళ్తుంది గానీ కణాలు అంత స్పష్టంగా కనబడవు. హై ఫ్రీక్వెన్సీ అల్ట్రాసౌండ్ గడ్డ మందాన్ని కొలుస్తుంది, అది ఏ గడ్డో చెప్పలేదు. వీటికోసం ఊళ్లు తిరిగి నెలలు పోగొట్టుకోవద్దు. ఫొటో తీసి 3 నెలల తర్వాత పోల్చి చూసే పద్ధతి కూడా మీకు కాదు. మీ నాన్నగారి మచ్చ ఇప్పటికే పెరిగింది.

అందుకే బయాప్సీ తప్పదనే నా అభిప్రాయం. ముక్క తీసినందువల్ల మెలనోమా పాకుతుందనడానికి ఆధారం లేదు. అప్పటికే ముదిరి వచ్చినవాళ్లను చూసి, కోశాకే ముదిరిందని జనం అనుకుంటారు. క్యాన్సరే అయితే అది ఎన్ని మిల్లీమీటర్లు లోపలికి దిగిందన్న కొలతను బట్టే ఆపరేషన్ ఎంతమేర చేయాలో నిర్ణయిస్తారు. ఆ కొలత బయాప్సీతోనే తెలుస్తుంది.

ఈ వారంలోనే విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మవ్యాధుల విభాగంలో చూపించండి. క్యాన్సర్ అని తేలితే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఈలోగా మచ్చ మీద సున్నం, నల్లజీడి రసం లాంటివి పూయకండి. చర్మం కాలిపోతే డెర్మోస్కోపీలో గీతలు సరిగా కనబడవు. గజ్జల్లో బిళ్ల ఏదైనా చేతికి తగులుతుంటే అది కూడా డాక్టరుకు చెప్పండి.