ఏడాది కాంట్రాక్టు సొమ్ము చేతికొచ్చినా అంతా మీది కాదు

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో ఒక పెస్ట్ కంట్రోల్ సంస్థలో తొమ్మిదేళ్లుగా టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. జీతం 32 వేలు. చదువు ఇంటర్. నా భార్య బీఎస్సీ బీజెడ్‌సీ చేసింది. ఇద్దరు పిల్లలు. ఖమ్మంలో సొంత ఇల్లుంది, అక్కడే ఈ వ్యాపారం పెట్టాలనుకుంటున్నాం. ఇంటి ఖర్చు నెలకు 22 వేలు అవుతుంది. పొదుపు మూడున్నర లక్షలు ఉంది. పది తులాల బంగారం తాకట్టు పెట్టి వ్యాను కొనమని మిత్రులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వ్యాను సంగతి తర్వాత, ముందు లైసెన్సు చూద్దాం. 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనల ప్రకారం ఈ లైసెన్సు ఇచ్చేది వ్యవసాయ శాఖ. అగ్రికల్చర్ డిగ్రీ గానీ, కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా సైన్స్ డిగ్రీ గానీ ఉండాలి. దానికి తోడు గుర్తింపు పొందిన సంస్థలో కనీసం 15 రోజుల శిక్షణ పొందాలి. తొమ్మిదేళ్ల అనుభవం ఉన్నా ఇంటర్‌తో మీకు ఇది రాదు. మీ శ్రీమతికి వస్తుంది! బీజెడ్‌సీలో సీ అంటే కెమిస్ట్రీయే. శిక్షణ ఇచ్చే సంస్థల్లో ఒకటి రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ. మీరు ఉద్యోగంలో ఉండగానే ఆమె ఆ కోర్సు పూర్తి చేయవచ్చు. వ్యాపారం ఆమె పేరుతోనే పెట్టండి. అయితే పేరుకు మాత్రమే యజమానిగా ఉంచవద్దు. మందుల నిల్వ, రికార్డులు, లెక్కలు నిజంగానే ఆమె చూసుకోవాలి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళల వంటి పొగబెట్టే మందులకు వేరే అనుమతులు కావాలి. నల్లులు పోవడం లేదని ఎవరు బతిమాలినా ఆ బిళ్ళలను ఇళ్లలో వాడకండి. ప్రాణాలు పోతాయి.

ఇప్పుడు డబ్బు. మూడున్నర లక్షల్లో ఆరు నెలల ఇంటి ఖర్చు 1,32,000 పక్కన పెట్టేయండి. ఇక దాని వైపు చూడవద్దు. మిగిలిన 2,18,000లో స్ప్రేయర్లు, డ్రిల్లు, జెల్ గన్నులు, మాస్కులు, మొదటి విడత మందులు కలిపి లక్షన్నర దాటనివ్వకండి. మొదటి ఏడాది బైకు మీదే తిరగండి. బంగారం జోలికి వెళ్లకండి. ఫాగింగ్ మిషన్ అవసరం పడిన రోజున అద్దెకు తెచ్చుకోండి. రెండో ఏడాది పని పెరిగితే చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే కేంద్ర పథకం ముద్రాలో కిశోర్ విభాగం కింద 5 లక్షల వరకు తాకట్టు లేకుండా అప్పు దొరుకుతుంది. సొంత ఉపాధికి కేంద్రం అప్పుతో పాటు రాయితీ ఇచ్చే పీఎంఈజీపీ పథకం గురించి కూడా వినే ఉంటారు. అది కొత్త యూనిట్లకే, కాబట్టి పని మొదలుపెట్టాక అడిగితే రాదు. పైగా రాయితీ సొమ్ము మూడేళ్లు బ్యాంకు డిపాజిట్‌లోనే ఉంటుంది. మీ అవసరం చిన్నది. దాని కోసం ఆగడం నాకు అనవసరం అనిపిస్తోంది.

ఈ వ్యాపారంలో ఎక్కువమంది దెబ్బతినేది ముందుగా వచ్చే డబ్బు దగ్గర. ఒక హోటలు ఏడాది కాంట్రాక్టుకు 12,000 ముందే చెల్లించి, నెలకోసారి రమ్మన్నదనుకుందాం. ఆ రోజు మీరు సంపాదించింది వెయ్యి. మిగతా 11,000 మీరు చేయాల్సిన పనికి బాకీ. దానితో పిల్లల ఫీజు కట్టేస్తే డిసెంబరులో మందు కొనడానికి అప్పు చేయాలి. వానాకాలంలో ఫోన్లు ఆగకుండా మోగుతాయి, చలికాలంలో తగ్గిపోతాయి. అందుకే రెండో బ్యాంకు ఖాతా తెరిచి ముందస్తు సొమ్మంతా అందులో వేయండి. ఒక్కో సర్వీసు పూర్తయ్యాక ఆ నెల వంతు మాత్రమే బయటికి తీయండి.

చెదల పనిలో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే గ్యారంటీ ఏళ్ల తరబడి ఉంటుంది. కట్టిన ఇళ్లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 చెప్పే పద్ధతి మీకు తెలిసిందే: గోడ, నేల కలిసేచోట 30 సెంటీమీటర్లకు ఒక రంధ్రం, ఒక్కోదానికి లీటరు వరకు మందు నీళ్లు. అంటే గోడ ఎన్ని అడుగులుంటే దాదాపు అన్ని రంధ్రాలు, అన్ని లీటర్లు. ఒకే విస్తీర్ణమున్న రెండు ఇళ్లలో గదులు ఎక్కువున్న ఇంటికి గోడలు ఎక్కువ, మందూ ఎక్కువే. చదరపు అడుగుల లెక్కన ఫోనులోనే ధర చెప్పేస్తే అక్కడే నష్టం. టేపుతో గోడ కొలిచి, ఆ తర్వాత ధర చెప్పండి. వచ్చిన దాంట్లో పావు వంతు గ్యారంటీ ముగిసేదాకా ముట్టుకోకండి.

ఏడాది వ్యాపారం 20 లక్షలు దాటేవరకు జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. 5 శాతం జీఎస్టీ కట్టే హోటళ్లు మీ బిల్లులోని జీఎస్టీని తాము కట్టే పన్నులో తగ్గించుకోలేవు గనుక, పన్ను లేని బిల్లే వాళ్లకు లాభం. ఆ మాట చెప్పి బేరం కుదుర్చుకోండి. సంస్థలు బిల్లులో టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకుంటే కంగారు పడకండి. రిటర్ను వేసి ఆదాయపు పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

రాజీనామాతో మీ సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా ఉంటే అదీ పోతుంది. మీ పని మందుల మధ్య, నిచ్చెనల మీద. నలుగురికీ కలిపి ఒకే ఆరోగ్య పాలసీ (ఫ్యామిలీ ఫ్లోటర్), మీకు విడిగా ప్రమాద బీమా, మీకేమైనా అయితే కుటుంబానికి సొమ్ము వచ్చే టర్మ్ పాలసీ తీసుకోండి. కొత్త ఆరోగ్య పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు క్లెయిము ఇవ్వరు. కాబట్టి ఉద్యోగం వదలడానికి నెల ముందే ప్రీమియం కట్టేయండి.