నీళ్లు తేటగానే ఉన్నాయి కదా అని...

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఉంటాం. లేడీ బర్డ్ లేక్ కనబడితే చాలు, మా లాబ్రడార్ గొలుసు లాక్కుని మరీ దూకేస్తాడు. అందులో నాచు వల్ల కుక్కలు చనిపోయాయని పక్కింటావిడ టెన్షన్ పెట్టింది. గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారేమో "మన చెరువుల్లో గేదెలు పాచి నీళ్లు తాగట్లేదా, వాటికేమైంది?" అంటున్నారు. చూస్తే నీళ్లు తేటగానే ఉన్నాయి. ఎవరి మాట వినాలి?

జవాబు: పక్కింటావిడ మాటే వినండమ్మా. 2019 వేసవిలో మీ లేక్‌లోనే ఈత కొట్టిన కుక్కలు చనిపోతే, రెడ్ బడ్ ఐల్ పార్కును కూడా కొన్నాళ్లు మూసేశారు. నాన్నగారి మాటా పూర్తిగా తప్పు కాదు, మామూలు పచ్చ నాచు చాలావరకు ఏమీ చెయ్యదు. చిక్కంతా సయనోబాక్టీరియాతోనే. నీలి ఆకుపచ్చ నాచు అంటారు గానీ నిజానికి అది బాక్టీరియా. 1878లోనే దక్షిణ ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రినా సరస్సు మీద కట్టిన ఇలాంటి తెట్టు తాగి గొర్రెలు, గుర్రాలు, కుక్కలు చచ్చిపోయాయి, ఆ సంగతి నాన్నగారికి చెప్పి చూడండి.

ఇక తేట నీళ్ల సంగతి. చాలాచోట్ల ఇది పచ్చ పెయింట్ ఒలికినట్టు పైనే తేలుతుంది, మీ దగ్గర మాత్రం అడుగున పెరిగి, లోపల గాలి బుడగలు చేరాక చాప ముక్కల్లా పైకి లేచి ఒడ్డుకి కొట్టుకొస్తుంది. ఆ కుళ్లు వాసనకి మనం ముక్కు మూసుకుంటాం, కుక్క మాత్రం నోట కరుచుకుని నమిలేస్తుంది. అందులోది నరాల మీద పనిచేసే విషం. చొంగ కారడం, తూలడం, వణుకు, ఊపిరాడకపోవడం, ఇవన్నీ కొన్ని నిమిషాల్లోనే మొదలవ్వొచ్చు. విరుగుడు మందు లేదు.

వాడు అందులో దిగాడా, మీరు గ్లవ్స్ వేసుకుని వెంటనే కుళాయి నీళ్లతో కడిగెయ్యండి, ఒళ్లు నాకనివ్వకండి, ఎందుకంటే బొచ్చుకి అంటుకున్నదే సగం కొంప ముంచుతుంది. నాచు నమిలినట్టు అనుమానం ఉంటే లక్షణాల కోసం చూస్తూ కూర్చోకుండా ఎమర్జెన్సీ వెట్‌కి ఫోన్ చేస్తూనే బయల్దేరండి. ఉప్పు నీళ్లు పట్టి కక్కించే ప్రయత్నం మాత్రం వద్దు.

ఎండలు తగ్గేదాకా పెరట్లో పిల్లల ప్లాస్టిక్ టబ్బు పెట్టండి. నాలుగు రోజులు అలుగుతాడు, అంతే.