ప్యాకెట్టు నుంచి పప్పుగుత్తికి

ప్రశ్న: అనంతపురంలో ఒంటరిగా ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. రాత్రిపూట ఫ్రోజెన్ పరోటాలు, కూరల ప్యాకెట్లే వేడి చేసుకుంటున్నాను. ఇంటి వంటకు ఎలా మారాలి? – ఒక పాఠకురాలు

జవాబు: తప్పు ఫ్రీజరుది కాదమ్మా, చూడవలసింది ఆ ప్యాకెట్లలోని ఉప్పు, నూనెలను. అన్నీ ఒకేసారి మానకుండా, ముందు పప్పుతో మొదలుపెట్టండి. అరగంట నానిన కందిపప్పును పచ్చిమిర్చి, తోటకూరతో కుక్కరులో మెత్తగా ఉడికించి, ఆ తరువాతే చింతపండు పులుసు, ఉప్పు వేసి (పులుపు ముందే తగిలితే పప్పు ఓ పట్టాన ఉడకదు), పప్పుగుత్తితో ఎనిపి, వెల్లుల్లి, ఎండుమిర్చితో తిరగవాత పెట్టండి. చెనిక్కాయల పొడి ఒక సీసాడు చేసి ఉంచుకుంటే, ఓపిక లేని రాత్రి వేడి అన్నంలోకి అదే చాలు. మిగిలిన పప్పును మాత్రం చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా మరిగించి తినండి.